ఉన్ని కాని కోటు

కోట్లు కావాలని ఆరేళ్లు అదే అర్జీ మళ్లీ మళ్లీ రాయగా, 1981 శ్రావణంలో స్టేషనుకు కొత్త కోట్లు వచ్చాయి. మంట ఆర్పడానికి పోయేటప్పుడు ఖాకీ అంగీ మీద తొడుక్కునే నీలం కోట్లు. వరంగల్‌లో బట్టల బజారు వెనక సందులో ఉండేది ఆ చిన్న ఫైర్ స్టేషను, ఇప్పుడు లేదు. పద్దెనిమిది మంది పనిచేసేవాళ్లు. పాత ఉన్ని కోట్లు ఐదే మిగిలాయి. బెల్లు మోగితే ముందు ఉరికినవాళ్లకు కోటు, వెనకబడ్డవాళ్లకు ఒట్టి అంగీ.

లారీలోంచి మూటలు దించుతుంటే పెళ్లిబట్టలు వచ్చినంత సంబరం చేశారు. మొగిలయ్య ఒక కోటు తొడుక్కుని, కాలర్ లేపి, నడివాకిట్లో నిలబడి అందరికీ సలాం కొట్టాడు. ముప్పై ఏళ్లవాడు, మడికొండ దగ్గరి పల్లెలో గొర్లకాపరుల ఇంటి పిల్లగాడు. స్టేషనులో అతని నవ్వు వినపడని పూట లేదు.

సారంగపాణి మాత్రం ఒక కోటు అంచు చేతిలోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

"ఏందే పాణన్నా, పిల్లను చూడబోయినోని లెక్క గంత సేపు చూస్తానవ్?" అన్నాడు మొగిలయ్య.

"ఏం లేదు తియ్యి" అన్నాడు సారంగపాణి.

అతనిది కొత్తవాడ. తండ్రి జంపఖానాలు నేసేవాడు. సారంగపాణి పద్నాలుగేళ్లకే కళ్లు మూసుకుని బట్ట తడిమి, నిలువు పడుగు ఏ దారమో, అడ్డం పేక ఏ దారమో చెప్పేవాడు. మగ్గం బతుకునివ్వక ఫైర్‌మన్‌గా చేరాడు. పన్నెండేళ్లలో లీడింగ్ ఫైర్‌మన్ అయ్యాడు. వేళ్లు మాత్రం మారలేదు. ఆ కోటు బట్టలో పడుగు ఉన్నే. పేక ఉన్ని కాదు. మరీ నున్నగా, మరీ చల్లగా ఉంది. నలిపి వదిలితే ముడత నిలవడం లేదు. ఉన్ని అట్లా వెంటనే సర్దుకోదు.

అదే సాయంత్రం స్టేషన్ ఆఫీసర్ రాజేశ్వర్ రావు అతన్ని గదిలోకి పిలిచాడు. నెమ్మదైన మనిషి, ఎవరినీ గద్దించి ఎరగడు. టేబుల్ మీద కోటు ఎట్లా ఉండాలో రాసిన మూడు పేజీల టైపు కాగితం, పక్కన సరుకు ముట్టిన రిజిస్టరు.

"బట్ట సంగతి నీకున్నంత ఎరుక ఇక్కడ ఎవనికి లేదు పాణీ. సరుకు చూసుకునే కమిటీల నీ పేరు రాసిన. అన్నీ సరిపోయినయంటే సంతకం పెట్టు, రేపటికల్ల ముట్టినట్టు రాసి పంపాలె."

సారంగపాణి బీరువాలో ఉన్న సీలు వేసిన నమూనా ముక్క అడిగి తీసుకున్నాడు. ఆర్డరు ఇచ్చే ముందు కంపెనీ పంపిన ముక్క అది. దాన్ని పట్టుకోగానే తెలిసిపోయింది, అది అసలు ఉన్ని. కొత్త కోటు లోపలి మడతలోంచి ఒక పేక దారం లాగి, నమూనాలోంచి ఒకటి లాగి, సార్ సిగరెట్ల గిన్నె మీద అగ్గిపుల్ల గీశాడు.

నమూనా దారం ముడుచుకుని నల్లబడింది. తల వెంట్రుక కాలిన వాసన వచ్చింది, పుల్ల పక్కకు తీయగానే మంట ఆరిపోయింది. కోటు దారం అట్లా కాదు. మంట తగలకముందే వెనక్కి ముడుచుకుంది, తర్వాత కరిగి బొట్టు అయింది, బొట్టు గిన్నెలో పడి కూడా కాసేపు మండింది. చల్లబడ్డాక గోటితో తీయబోతే గాజుపూసలా గట్టిగా అతుక్కుని ఉంది.

"టెరిలిన్ కలిపిండ్రు సార్. ఇది మంటకు కాలదు, కరుగుతది. ఒంటి మీద కరుగుతది."

రాజేశ్వర్ రావు బొట్టు వైపు చూసి, మూడు పేజీలూ మళ్లీ మొదటినుంచి తిప్పాడు. వేలు పెట్టి చదివాడు. "రంగు సరిపోయింది. గజం బరువు సరిపోయింది. అంగుళానికి ఇన్ని కుట్లన్నరు, ఉన్నయి. ఉతికితే ఇంతకంటె కుంచించుకపోవద్దన్నరు, మధ్యాన్నం తడిపి చూపిచ్చిన, పోలేదు. గుండీలు ఇత్తడివే."

"మంట మీద పెట్టి చూడాలని రాసి ఉన్నదా సార్?"

సార్ మూడో పేజీ చివరిదాకా చూశాడు. "లేదు."

"ఫైరు కోటుకు మంట పరీక్ష లేదా?"

"ఉన్ని అని రాసిండ్రు గద. ఉన్ని అంటే చాలనుకున్నట్టున్నరు." సార్ కిటికీలోంచి వాకిలి వైపు చూశాడు. మొగిలయ్య ఇంకా కోటు విప్పలేదు. "పాణీ, నేను వాపసు రాస్తా. రాయనని కాదు. రాస్తే ఏమైతదో చెప్పు. కంపెనీ కాదంటది, మనది కాదనాలె, ల్యాబుకు పంపాలె, మళ్ల టెండరు. ఇంకో నాలుగేండ్లు. అప్పటిదాంక పదమూడు మంది ఒట్టి అంగీల మీద పోవాల్నా? ఏం లేని కాడ ఇది నయం గాదా?"

అది అబద్ధం చెబుతున్న మనిషి గొంతు కాదు. పోయినేడు గడ్డివాము కాడ తోటి ఫైర్‌మన్ సాంబయ్యకు భుజాల మీద నిప్పురవ్వలు పడి పుండ్లు పడ్డాయి. కోటుంటే పడేవి కావు. నాలుగేళ్లు అనే మాట పెద్దది. బొట్టు చిన్నది.

సంతకం పెట్టాడు.

మర్నాడు డ్రిల్లులో అందరినీ నిలబెట్టి, "కోటున్నదని మంట మీది మీదికి పోకుండ్రి. జర ఎడముండి నీళ్లు కొట్టుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. "కోటు లేనప్పుడు ఎడముండుమంటివి, కోటొచ్చినంక గూడ ఎడముండుమంటివి. ఇగ ఉరికేదెప్పుడే?" అన్నాడు మొగిలయ్య. కరిగిన బొట్టు సంగతి చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే, మరి సంతకం ఎందుకు పెట్టినవని అడుగుతారు. నవ్వి ఊరుకున్నాడు.

ఇంకొకటి కూడా చేశాడు. కొత్త కోట్లు పంచేటప్పుడు తనకు వద్దన్నాడు. "నాకు పాతదే అలవాటు. కొత్తయి మీరు తీసుకోండ్రి" అని, మోచేతుల దగ్గర మాసికలు వేసిన పాత ఉన్ని కోటు తన మేకుకే తగిలించుకున్నాడు. పాణన్న మనసు మంచిదని స్టేషనులో చిన్నవాళ్లందరూ అనుకున్నారు. అతను కూడా కొన్నాళ్లకు అట్లాగే అనుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాతి ఆరు నెలల్లో చిన్న చిన్న మంటలే వచ్చాయి. ఒక కిరాణం దుకాణం, రెండు గుడిసెలు, రైలు పట్టాల పక్క బొగ్గు కుప్ప. కోట్లకు ఏమీ కాలేదు. సారంగపాణి మనసులోని ముల్లు కూడా మెల్లగా మొద్దుబారింది.

1982 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రెండు దాటాక, మామునూరు తోవలోని ఒక పత్తి మిల్లునుంచి ఫోను వచ్చింది. ఆ ఏడు పత్తి బాగా పండింది. కేసముద్రం, ఘన్‌పూర్ వైపు నుంచి బండ్లు బండ్లుగా వచ్చి మిల్లు వాకిలి నిండా తెల్లటి కుప్పలు. గింజ తీసే మిషన్లో రాయి పడి నిప్పు లేచింది. ఫైరింజను చేరేసరికి కుప్పలు మూడు అంటుకున్నాయి. కూలి ఆడవాళ్లు గేటు బయట నిలబడి గుండెలు బాదుకుంటున్నారు.

"సమ్మమ్మ లోపల్నే ఉన్నది! దూది గదిల ఉన్నది!"

గింజ తీసిన దూది కుప్ప పోసే గది అది. మిల్లు వెనక వైపు, ఒకటే తలుపు. లోపల ఇంకా మంట లేదు, పొగ ఉంది. మొగిలయ్య పైపు మూతి పట్టుకుని సారంగపాణి వైపు చూశాడు. ఆ బండి మీద వచ్చిన ఐదుగురికీ పెద్ద సారంగపాణే. రాజేశ్వర్ రావు వెనక జీపులో వస్తున్నాడు.

సారంగపాణికి ఆ చూపు తర్వాత ఎన్నో సార్లు గుర్తొచ్చింది. మొగిలయ్య తనంతట తాను పోలేదు. అడిగాడు, కళ్లతోనే అడిగాడు.

"పా" అన్నాడు సారంగపాణి.

ఇద్దరూ వంగి లోపలికి పోయారు. మొగిలయ్య ముందు, సారంగపాణి రెండడుగుల వెనక పైపు మోస్తూ. సమ్మమ్మ గోడవారన దూదిలో ముఖం పెట్టుకుని పడి ఉంది. నలభై ఏళ్ల బక్కపలచటి మనిషి. మొగిలయ్య పైపు సారంగపాణికి అందించి ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు. తలుపు వైపు నాలుగడుగులు వేశారో లేదో, గాలిలో తేలే దూది పొట్టు ఒక్కసారే అంటుకుంది. పొయ్యిలోకి కిరసనాయిలు పోసినట్టు గుప్పుమంది. రెండు గుక్కల సేపు ఉందేమో ఆ మంట. మొగిలయ్య తిరిగి నిలబడి వీపు మంటకు పెట్టి, సమ్మమ్మను కడుపులోకి దాచుకున్నాడు.

బయటికి వచ్చి పడ్డాక ముగ్గురి మీదా నీళ్లు కొట్టారు. సమ్మమ్మ నూలు చీర లోపలే పైపు నీళ్లకు తడిసి ఉండటంతో ఆమెకు పిక్కల మీద కాలింది, అంతే. సారంగపాణి కోటు భుజాల మీద నల్లగా కమిరింది. చేత్తో దులిపితే మసి రాలింది, కింద అంగీకి వేడి కూడా తగల్లేదు.

మొగిలయ్య కోటు కాలినట్టే లేదు. మెరుస్తోంది. వీపు మీద, భుజాల మీద, రెండు చేతుల మీద తారు పూసినట్టు మెరుస్తూ ఒంటికి అతుక్కుపోయింది. సాంబయ్య విప్పబోయి, చేతికి అంటుకుని అరిచాడు. కోటు చేతుల అంచులనుంచి కరిగి జారినది మొగిలయ్య మణికట్ల మీద, వేళ్ల మధ్య గడ్డకట్టింది.

"పాణన్నా, ఇప్పు... జల్ది ఇప్పు" అన్నాడు మొగిలయ్య.

విప్పడానికి రాలేదు.

పెద్ద దవాఖానలో డాక్టరు ఒక్కొక్క ముక్కే కత్తిరించి తీశాడు. చర్మంతో కలిసి వచ్చింది. "ఏం గుడ్డ ఇది? ఒట్టి మంటయితే ఇంత లోతు పోయేది కాదు" అని నర్సుతో అనడం సారంగపాణి తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

బక్కమ్మ పొద్దు గూకే వేళకు వచ్చింది. మొగిలయ్య భార్య. ఊరినుంచి నడిచి, బస్సు పట్టుకుని, మళ్లీ నడిచి వచ్చింది. భర్తను చూడనివ్వలేదు. వరండాలో గోడకానుకుని కూర్చుని, ఏడవకుండా, ఎదురుగా నిలబడ్డ సారంగపాణిని కాళ్లనుంచి తలదాకా చూసింది. అతను ఇంకా కోటు విప్పలేదు.

"అన్నా, నువ్వు గూడ లోపలికి పోయినవా?"

"పోయిన చెల్లె. పక్కకే ఉన్న."

"మరి నీ కోటు గట్ల కాలేదేంది?"

"ఇది పాతది చెల్లె."

"పాతది మంచిగుండి కొత్తది కరుగుడేంది?" అంది బక్కమ్మ. తప్పు పట్టి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. సారంగపాణి నీళ్లు తెస్తానని పక్కకు పోయాడు. కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చెంబు నిండి పారుతున్నా చూసుకోలేదు.

మొగిలయ్య బతికాడు. రెండు నెలలు మంచం మీద బోర్లా పడుకునే ఉన్నాడు. సారంగపాణి డ్యూటీ దిగగానే దవాఖానకు పోయేవాడు. ఏదో ఒకటి మాట్లాడేవాడు, చెప్పాల్సింది తప్ప. ఇంటి దగ్గర భార్య సరస్వతి ఒకరోజు, "నిద్రల నూలు తెగింది తెగింది అని కలవరిస్తానవు. ఏమైంది?" అని అడిగింది. ఆమెకు మొదటిసారి చెప్పాడు. దారం, బొట్టు, సంతకం, పాత కోటు, అంతా. సరస్వతి చివరిదాకా విన్నది. ఆఖరుకు, "పాత కోటు నీ కోసం ఉంచుకుంటివా?" అంది.

"ఉంచుకున్న."

ఆ ఒక్క మాట పైకి అన్నాక అతనికి అన్నం సహించలేదు.

ఏప్రిల్‌లో విచారణ అన్నారు. హైదరాబాదునుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తాడని కబురు. ఆ ముందు రోజు రాజేశ్వర్ రావు సారంగపాణిని పిలిచి టైపు చేసిన ఒక కాగితం ముందుంచాడు. రెండు నెలల్లో సార్ ముఖం పీక్కుపోయింది. కాగితంలో ఇట్లా ఉంది: ఫైర్‌మన్ మొగిలయ్య పైవారి ఆజ్ఞ లేకుండా మండుతున్న గదిలోకి వెళ్లెను; అతనికి ఇచ్చిన కోటు నిర్ణయించిన ప్రమాణాల ప్రకారమే ఉండెను.

"రెండోది అబద్ధం కాదు పాణీ. ప్రమాణాలల్ల రాసినయన్నీ ఉన్నయి."

"మొదటిది సార్?"

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను అప్పటికి రాలేదు. నేను చెప్పలేదు. నువ్వు చెప్పినవా?"

"చెప్పిన. నేనే పా అన్న."

"అది రాస్తే నువ్వు పోతవు. కోటు సంగతి రాస్తే నువ్వూ పోతవు, నేనూ పోత. నాకు ఇద్దరు ఆడపిల్లలు. మొగిలిని ఎట్లనన్న చూసుకుందాం, ఏదో ఒక పని ఇప్పిద్దాం."

"ఆజ్ఞ లేకుంట పోయిండని రాస్తే ఏం పనిస్తరు సార్? నౌకరీ తీసేస్తరు."

సారంగపాణి సంతకం పెట్టకుండానే బయటికి వచ్చాడు. ధైర్యం చేసి కాదు. రేపు చెప్తానని తప్పించుకుని వచ్చాడు. ఆ రాత్రంతా అప్పుడు సంతకం పెట్టిన రిజిస్టరూ ఈ కాగితమూ కళ్లముందే ఉన్నాయి. సంతకం పెట్టినా నౌకరీ పోతుంది, పెట్టకపోయినా పోతుంది. పోయేది ఎవరిదన్నదే తేడా.

విచారణ స్టేషను వెనక హాల్లో జరిగింది. వచ్చిన ఆఫీసరు పొడుగాటి మనిషి, మాట పొదుపు. ముందు సమ్మమ్మను అడిగాడు. ఆమె చేతులు జోడించి, "నాకు సోయి లేదు సార్. సోయొచ్చేసరికి ఆ పిల్లగాని మీద పడి ఉన్న. ఆయన తప్పేం లేదు" అంది. తర్వాత సారంగపాణి వంతు. అతను రెండు కోట్లు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. తన పాతది, స్టేషనులో మిగిలిన కొత్తది. మొగిలయ్యది తేవడానికి ఏమీ మిగల్లేదు.

"మొగిలయ్య ఎవరు చెప్తే లోపలికి పోయిండు?"

"నేను చెప్తే సార్."

"కోటు సంగతి ఏంది?"

సారంగపాణి జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. ఆఫీసరు ఆపలేదు. కొత్త కోటు మూల కత్తిరించి, పటకారుతో పట్టుకుని ముట్టించాడు. కరిగి కింద పడ్డ బొట్టు సిమెంటు నేల మీద చిన్న మంటగా మండుతుంటే హాల్లో ఉన్న స్టేషనువాళ్లు పదిహేడు మందీ దాన్నే చూశారు. వాళ్లలో పన్నెండు మంది ఆ కోట్లే ఆరు నెలలు తొడుక్కున్నారు.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు ఆఫీసరు.

"వచ్చిన రోజే సార్."

"రిజిస్టర్ల సంతకం నీదేనా?"

"నాదే."

"తెలిసి ఎందుకు పెట్టినవ్?"

"ఏం లేనికాడ ఇది నయమనుకున్న సార్. అది తప్పు. ఏం లేకుంటే మనిషికి భయముంటది, ఎడముంటడు. కోటుందనుకుంటే రెండడుగులు లోపలికి పోతడు. ఇది లేనిదాని కంటే అధ్వానం."

ఆఫీసరు రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆ రోజు నీ ఒంటి మీద ఏ కోటున్నది?" అని అడిగాడు.

సారంగపాణి వెనక ఎవరో లేచి నిలబడ్డ చప్పుడైంది. సాంబయ్య అయి ఉంటాడు.

"పాతది సార్. ఉన్నిది."

"కావాలనే వేసుకున్నవా?"

"కావాలనే వేసుకున్న."

హాలు బయటికి వచ్చాక ఎవరూ అతనితో మాట్లాడలేదు. సాంబయ్య బీడీ ముట్టించుకుని మొహం తిప్పుకున్నాడు. వాళ్లది తప్పని సారంగపాణికి అనిపించలేదు.

వర్షాలు పడ్డాక ఆర్డర్లు వచ్చాయి. మొగిలయ్య మీద తప్పేమీ లేదు. బాగయ్యాక టెలిఫోను దగ్గర డ్యూటీ. రాజేశ్వర్ రావుకు హెచ్చరిక. కంపెనీని సంజాయిషీ అడిగారు. ఆ సంజాయిషీ వచ్చిందో లేదో స్టేషనులో ఎవరికీ తెలియలేదు. ఆ కోట్లు మళ్లీ చెప్పేదాకా వాడవద్దు. సారంగపాణిని మామూలు ఫైర్‌మన్‌గా దించి, గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊరి స్టేషనుకు బదిలీ చేశారు. ఇకముందు కొనే కోట్ల కాగితంలో మంట పరీక్ష చేర్చాలని విచారణ ఆఫీసరు రాశాడట. చేర్చారా అని అడిగితే, పైన పరిశీలనలో ఉందన్నారు.

పోయే ముందు సారంగపాణి మొగిలయ్య ఊరికి వెళ్లాడు. దవాఖాననుంచి ఇంటికి తెచ్చి నెలయింది. మొగిలయ్య నులక మంచం మీద పక్కకు ఒత్తిగిలి ఉన్నాడు. మెడ ఒకవైపు బిగుసుకుపోయింది, కుడి చేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని ముడుచుకున్నాయి. బక్కమ్మ వాకిట్లో ఉన్ని వడుకుతోంది. అతన్ని చూసి పని ఆపలేదు.

"సాంబన్న వచ్చి అంత చెప్పిండు" అన్నాడు మొగిలయ్య. గొంతులో నవ్వు లేదు, కోపమూ లేదు. "గాలి మాటనుకున్న. నిజమేనా?"

"నిజమే తమ్మీ."

"డ్రిల్లుల చెప్పబోయినవ్ చూడు. ఎడముండుండ్రి అని. నేనే నవ్విన."

"నేను సక్కగ చెప్పలే. చెప్తే నువ్వు నవ్వకపోదువు."

మొగిలయ్య ముడుచుకున్న వేళ్లను ఎడమ చేత్తో పట్టుకున్నాడు. "పొమ్మనకపోయినా పోదునే. ఆ మనిషి ఆడ పడి ఉండంగ ఎట్లుంట? కని ఏం ఏసుకోని పోతాన్నో నాకు తెల్వాలె గద, పాణన్నా. అది తెలిసి పోతె వేరు."

అప్పుడు బక్కమ్మ కదురు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"మా ఆయన తప్పు లేదని నువ్వు చెప్పబట్టే రాసిండ్రట. నౌకరి నిలబడ్డది. అది నేను మర్చిపోను" అంది. "కని నువ్వు చెప్పాల్సిన రోజు అది కాదన్నా. ఇదీ మర్చిపోను."

"మర్చిపోకు చెల్లె."

"మా అయ్య గొంగడి మీద చలిమంట నిప్పు ఎన్నిసార్లో పడ్డది. కమురు వాసన వచ్చి ఆరిపోతది, అంటుకోదు. గొర్లు కాసేటోల్లకు తెలిసిన ముచ్చట మీ సర్కారు కాగితంల లేకపాయె?"

కూర్చోమని ఆమె అనలేదు, పొమ్మనీ అనలేదు. బస్సు వేళ అయ్యేదాకా మంచం పక్కనే నిలబడి, వచ్చేశాడు.

గోదావరి ఒడ్డు స్టేషనులో ఒకే ఫైరింజను, ఎనిమిది మంది. చేరిన రోజు ఉదయం సారంగపాణి పెట్టె పెట్టుకోవడానికి లోపలి గదిలోకి పోయాడు. గోడ పొడుగునా మేకులకు ఎనిమిది నీలం కోట్లు వేలాడుతున్నాయి. కొత్తవి. ఒకదాని అంచు వేళ్ల మధ్య నలిపాడు. చూడాల్సిన పని కూడా లేకపోయింది, కాలర్ లోపల అదే కంపెనీ చీటీ, అదే లాట్ నంబరు.

వాడవద్దన్న కాగితం అక్కడికి రాలేదు. లేదా వచ్చి ఏ ఫైలులోనో ఉంది.

అతను ఒక్కొక్క కోటే మేకునుంచి దించి, మడతపెట్టి, బెంచీ మీద పేర్చసాగాడు. చప్పుడు విని అక్కడి స్టేషన్ ఆఫీసరు వచ్చాడు, వెనకే నలుగురు ఫైర్‌మన్లు.

"ఏయ్, ఏం చేస్తున్నవ్? ఎవరి ఆర్డరు మీద తీస్తున్నవ్?"

"ఆర్డరు వరంగల్ల ఉన్నది సార్, తెప్పించుకోండ్రి. అది వచ్చేదాంక నా మాట మీద తీస్తాన." చేతులు ఆగలేదు. నిలబడే, దించుతూనే, మొగిలయ్యకు ఏమైందో చెప్పాడు. తను సంతకం పెట్టింది, పాత కోటు ఉంచుకున్నది కూడా చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు. ఆఫీసరు ఒక కోటు కాలర్ తిప్పి లోపలి చీటీ చూశాడు. లోపలికి పోయి వరంగల్‌కు ట్రంకు కాల్ బుక్ చేశాడు.

నలుగురూ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. వాళ్లలో వయసులో పెద్దవాడు, భాస్కర్, బెంచీ మీది కోట్ల కుప్పను చూస్తూ అడిగాడు. "మరి ఇయ్యాల బెల్లు మోగితే ఏం ఏసుకోవాలన్నా?"

"నూలు అంగీ. తడుపుకోని. లోపలికి పోవద్దు, బయట ఉండి కొట్టాలె."

"లోపల మనిషుంటే?"

సారంగపాణి చివరి కోటు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. వరంగల్ హాల్లో ఆ పెద్ద ఆఫీసరు అన్నీ అడిగాడు, ఇది అడగలేదు.

"ఉంటే పోవాలె" అన్నాడు. "ఏం ఏసుకోని పోతానమో తెలిసి పోవాలె."

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండానే ఊరవతల గొల్లకురుమల ఇండ్లకు పోయి, నాలుగు ముతక గొంగళ్లు అడిగి తెచ్చాడు. ఫైరింజను వెనక తొట్టిలో నీళ్లు నింపి అందులో నానేశాడు. బరువు, కంపు, తొడుక్కోవడానికి చేతులుండవు. భాస్కర్ ఒకటి భుజాన వేసుకుని చూసి, వంగలేకపోతున్నానన్నాడు. సారంగపాణి దబ్బనం తీసుకుని మెట్టు మీద కూర్చుని, భుజాల దగ్గర ఎట్లా కుడితే చేయి ఆడుతుందో చూడసాగాడు.